సంతకాలు నిండిన లాగ్‌బుక్, చేతికి అందని ఫోర్సెప్స్

ప్రసూతి, స్త్రీవ్యాధుల విభాగంలో ఎంఎస్ ప్రాక్టికల్ పరీక్ష జరిగే గదిలో ఒక బల్ల మీద కటి ఎముక, దాని పక్కన పసిబిడ్డ బొమ్మ పెట్టి ఉంటాయి. అభ్యర్థి ఆ బొమ్మ తలను ఎముకలోకి దించాలి, ఎటు తిరగాలో అటు తిప్పాలి, ఫోర్సెప్స్ (బిడ్డ తలను పట్టి బయటకు లాగే పటకారు) రెక్కల్ని వరుస తప్పకుండా అమర్చాలి. ఎడమ రెక్క ముందు, కుడి రెక్క తర్వాత. లాగే దిశ ఎప్పుడు మారాలో నోటితో చెప్పాలి. లోపలి ఎగ్జామినర్లు, బయటి కాలేజీల నుంచి వచ్చినవాళ్లు చుట్టూ కూర్చుని ప్రశ్నలు వేస్తారు. బొమ్మ ఏడవదు, తల్లికి రక్తస్రావం కాదు. బాగా చదివిన పిల్లలు ఈ బల్ల దగ్గర అదరగొడతారు.

మూడేళ్ల శిక్షణకు ఇది ముగింపు. నొప్పులు పడుతున్న తల్లి దగ్గర ఆ అమ్మాయి చెయ్యి ఎలా పనిచేస్తుందో ఈ పరీక్షలో ఎవరూ చూడరు. పరీక్ష రోజున అది కుదరదు కూడా. కాబట్టి అంతకుముందే ఎవరో ఒకరు చూసి ఉండాలి. ఎవరు చూశారు, ఎన్నిసార్లు చూశారు అంటే మన వ్యవస్థ చూపించే జవాబు ఒక్కటే: లాగ్‌బుక్.

లాగ్‌బుక్ ఉద్దేశం మంచిదే. ప్రతి ప్రొసీజర్‌కూ చూశాను, సహాయం చేశాను, పర్యవేక్షణలో చేశాను, స్వతంత్రంగా చేశాను అని నాలుగు మెట్లు ఉంటాయి. ఏ మెట్టు మీద ఉందో విద్యార్థి రాస్తుంది, గురువు సంతకం పెడతారు. కానీ ఆ సంతకం ఎప్పుడు పడుతుందో పీజీ విద్యార్థులను అడిగితే నవ్వుతారు. థీసిస్ బైండింగ్ హడావిడిలోనే లాగ్‌బుక్కూ నిండుతుంది. ఆర్నెల్ల కిందటి అర్ధరాత్రి కేసుకు ఆ రాత్రి అక్కడ లేని ప్రొఫెసర్ మేడం పగటి పూట సంతకం చేస్తారు. దాన్ని మోసం అనడానికి మనసొప్పదు. పద్ధతే అలా పాతుకుపోయింది. అయితే ఆ సంతకం చెప్పేది ‘ఈ పని జరిగింది’ అని మాత్రమే. ‘ఈ పని ఈమె ఒంటరిగా చేయగలదు, నేను కళ్లారా చూశాను’ అన్న పూచీ దానిలో లేదు.

ఈ తేడా తెలుగు రాష్ట్రాల్లో ఎందుకు పెద్దదో అంకెలు చెబుతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రసవాల్లో 60.7 శాతం సిజేరియన్లు, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశ సగటు 21.5. ప్రైవేటు ఆసుపత్రుల ధోరణి ఎవరికీ కొత్త కాదు. పీజీలు నేర్చుకునేది మాత్రం ఎక్కువగా సర్కారు దవాఖానాల్లో. తెలంగాణ ప్రభుత్వాసుపత్రుల్లోనే సిజేరియన్లు 44.5 శాతం. మరోవైపు మాతృమరణాల్లో రెండు రాష్ట్రాలూ మెరుగ్గానే ఉన్నాయి: 2018-20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకు తెలంగాణలో 43, ఆంధ్రలో 45, దేశంలో 97. సిజేరియన్ ప్రాణాలు కాపాడే ఆపరేషన్ అనడంలో సందేహం లేదు. ముహూర్తం చూసుకుని వచ్చే కుటుంబాలు, నొప్పులంటే భయం, కేసు అయితే దిక్కెవరన్న డాక్టర్ బెంగ, ఇవన్నీ ఆ 60 శాతంలో ఉన్నాయి. వాటి గురించి చాలామంది రాశారు. శిక్షణకు ఉన్న పాత్ర గురించే తక్కువ మాట్లాడుకున్నాం.

బిడ్డ తల బాగా కిందికి దిగింది. తల్లి అలిసిపోయింది. బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోంది. ఇక్కడ డాక్టర్‌కు రెండు దారులు: ఫోర్సెప్స్ లేదా వాక్యూమ్‌తో (తలకు అతికించి లాగే గిన్నె) అయిదు పది నిమిషాల్లో కింది నుంచి తీయడం, లేదంటే థియేటర్‌కు తరలించడం. మొదటిది చేతికి రావాలంటే పక్కన నిలబడి ‘ఆగు, ఇప్పుడు లాగు, ఇక వద్దు, వదిలెయ్’ అని చెప్పే సీనియర్ కావాలి. ముఖ్యంగా ‘వదిలెయ్’ అనడానికి. ఎక్కడ ఆపాలో ఏ పుస్తకమూ నేర్పలేదు. అలాంటి సీనియర్ లేని రాత్రి ఏ పీజీ అయినా రెండో దారే ఎంచుకుంటుంది, అదే వివేకం కూడా. మూడేళ్లలో ఇలా ముప్పై రాత్రులు గడిస్తే ఫోర్సెప్స్ రాని స్పెషలిస్టు తయారవుతుంది. రేపు ఆమే అసిస్టెంట్ ప్రొఫెసర్. తనకు రానిది ఇంకొకరికి ఎలా నేర్పుతుంది?

రెండో దారి సులువు అనుకుంటే అదీ పొరపాటే. తల కటిలో ఇరుక్కున్నాక చేసే సిజేరియన్ ముందుగా తేదీ పెట్టుకుని చేసే సిజేరియన్ లాంటిది కాదు. గర్భసంచి కింది భాగం పల్చబడి ఉంటుంది, కోత పక్కలకు చీలవచ్చు, తలను పైకి తీయడం గండం. భుజాల్ని ముందు బయటకు తెచ్చి తలను చివర తీసే పట్వర్ధన్ పద్ధతి మన దేశంలోనే 1950ల్లో పుట్టింది. ప్రపంచమంతా చదివే ఆ విద్య సైతం ఎవరో చేయి పట్టి చూపిస్తేనే వస్తుంది. ఇక మొదటి కాన్పు సిజేరియన్ల సంఖ్య పెరిగేకొద్దీ తర్వాతి కాన్పుల్లో మాయ పాత కుట్టులోకి పాతుకుపోయే కేసులు పెరుగుతాయి. అవి ఈ వృత్తిలో అతి కష్టమైన ఆపరేషన్లు. సులువైన నైపుణ్యం ఒకటి పోగొట్టుకుని, కష్టమైన నైపుణ్యాల అవసరాన్ని మనమే పెంచుకుంటున్నాం.

బ్రిటన్ ప్రసూతి వైద్యుల కాలేజీ పెట్టే ఎమ్మార్సీఓజీ పరీక్ష కోసం పుస్తకాలు ముందేసుకునే తెలుగు డాక్టర్లు చాలామంది. అక్కడ రిజిస్ట్రార్లుగా (శిక్షణలో ఉన్న డాక్టర్లుగా) చేరాక వాళ్లకు మొదట వింతగా తోచేది జీతమూ చలీ కాదు, ప్రతి పనికీ ఎవరో ఒకరు చూసి రాసే ఫారం. అక్కడ ఈ శిక్షణ ఏడేళ్లు. ముఖ్యమైన ఒక్కో ప్రొసీజర్‌కు కనీసం మూడుసార్లు, అదీ ఒక్కరు కాకుండా వేర్వేరు పరిశీలకులు, ‘ఈమెకు వచ్చు’ అని ధ్రువీకరించాలి. ఒకే మేడం ఇష్టాయిష్టాల మీద భవిష్యత్తు ఆధారపడకుండా పెట్టిన ఏర్పాటిది. ఏటా ఒక కమిటీ ఫైలు తెరిచి, ముందుకు పంపాలా ఆపాలా తేలుస్తుంది. చివరి రెండేళ్లలో హైరిస్క్ గర్భాలు, లేబర్ వార్డు, లాపరోస్కోపీ లాంటి అంశాల్లో ప్రత్యేక మాడ్యూళ్లు ఎంచుకుంటారు. 2024లో వీటి పేరూ రూపూ మార్చారు. ప్రతి ప్రాంతానికీ వీటిని చూసే డైరెక్టర్ ఉంటారు. ఆ ఆసుపత్రిలో సరిపడా కేసులున్నాయా, నేర్పే మనిషికి వారంలో తీరిక ఉందా అని తేల్చడం ఆ డైరెక్టర్ పని. కేసులు లేని చోట మాడ్యూల్ కాగితం మీద నడవకూడదన్నది లెక్క.

నా దృష్టిలో వాళ్ల దగ్గర అసలు నేర్చుకోవలసింది ఫారాలు కాదు. గురువు సమయానికి విలువ కట్టడం. ఒక్కో ట్రైనీకి వారానికి సుమారు గంట చొప్పున కన్సల్టెంట్ (సీనియర్ స్పెషలిస్టు) పని ఒప్పందంలోనే రాస్తారు. మన దగ్గర ప్రొఫెసర్‌కు ఓపీ, ఆపరేషన్లు, ఎంబీబీఎస్ క్లాసులు, తనిఖీల ఫైళ్లు, కోర్టు సమన్లు ఉంటాయి. పీజీ పక్కన నిలబడే గంట ఏ జాబితాలోనూ లేదు. లేని గంటకు సంతకం మాత్రం కావాలి.

అక్కడ అంతా స్వర్గమని కాదు. ఇంగ్లండ్‌లోని ష్రూస్‌బరీ, టెల్ఫోర్డ్ ఆసుపత్రుల ప్రసూతి సేవల మీద 2022 మార్చిలో వచ్చిన ఆకెండెన్ నివేదిక దాదాపు 1,500 కుటుంబాల గోడు బయటపెట్టింది. సరైన వైద్యం అంది ఉంటే 201 మంది శిశువులు బతికి ఉండేవారేమోనని చెప్పింది. విచిత్రమేమిటంటే అక్కడి ఆరోపణల్లో ఒకటి సిజేరియన్లు తక్కువగా ఉంచాలన్న పట్టుదల. కాబట్టి శాతాన్ని ఎటు తోసినా ప్రమాదమే. లక్ష్యాలు విధించి ‘నార్మల్ చేయండి’ అని డాక్టర్ల మెడ మీద కూర్చునే మన అధికారులు ఈ నివేదిక ఒకసారి తిరగేయాలి. నేర్పకుండా నార్మల్ చేయమనడం, ఈత రానివాడిని ఏట్లోకి తోయడం ఒకటే.

నేర్పితే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ కూడా అదే దేశంలో ఉంది. బ్రిస్టల్‌లోని సౌత్‌మీడ్ ఆసుపత్రిలో 2000 నుంచి డాక్టర్లు, మిడ్‌వైఫ్‌లు, మత్తు డాక్టర్లు అందరినీ తమ లేబర్ వార్డులోనే, తమ పరికరాలతోనే అత్యవసర పరిస్థితులకు కలిపి సాధన చేయించారు. బిడ్డ భుజం ఇరుక్కున్న కాన్పుల్లో శిశువులకు గాయాలు 9.3 శాతం నుంచి 2.3 శాతానికి పడిపోయాయి. ఖరీదైన యంత్రమేదీ కొనలేదు. ఇక్కడ గమనించాల్సింది ‘కలిపి’ అన్న మాట. మన దగ్గర స్కిల్ ల్యాబ్‌లో పీజీ బొమ్మ మీద ఒక్కతే చేస్తుంది. అర్ధరాత్రి రక్తస్రావం మొదలైతే పక్కనుండే స్టాఫ్ నర్సు ఆ ల్యాబ్ గడప తొక్కి ఉండదు.

ఇక సీట్ల సంగతి. తెలంగాణ జిల్లాకో మెడికల్ కాలేజీ అంది, ఆంధ్రప్రదేశ్‌లో 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలల్లో కొత్తవి తెరిచారు. కాలేజీ వచ్చాక కొన్నేళ్లకు పీజీ సీట్లు అడగడం సహజం. జాతీయ వైద్య కమిషన్ 2025 నిబంధనలతో ఇద్దరు అధ్యాపకులుంటే రెండు సీట్లతో పీజీ మొదలుపెట్టవచ్చు. 220 పడకలు దాటిన ప్రభుత్వాసుపత్రిలో పదేళ్ల అనుభవమున్న స్పెషలిస్టు అసోసియేట్ ప్రొఫెసర్ కావచ్చు. చాలామంది దీన్ని ప్రమాణాలు దిగజార్చడం అన్నారు. నేను పూర్తిగా ఒప్పుకోను. ఏరియా ఆసుపత్రిలో పదేళ్లు ఒంటి చేత్తో కాన్పులు చేసినవారి చెయ్యి, బోధనాసుపత్రిలో ఫైళ్లు మోసినవారి చేతికంటే ఎన్నో రెట్లు నయం కావచ్చు. చిక్కు ఎక్కడంటే, ఇద్దరే గురువులున్న విభాగంలో నెలలో ముప్పై రాత్రులుంటాయి. ఆ రాత్రులు ఎవరివి? జవాబు అందరికీ తెలుసు: సీనియర్ రెసిడెంట్‌వి. అంటే నిన్నటి పీజీవి. ఇక తనిఖీ రోజున మాత్రమే దర్శనమిచ్చే ఘోస్ట్ ఫ్యాకల్టీ ఉన్న ప్రైవేటు కాలేజీల్లో పగలు కూడా ఆమెవే.

జిల్లా రెసిడెన్సీ పేరుతో పీజీలను మూడు నెలలు జిల్లా ఆసుపత్రులకు పంపే నిబంధన 2020లో వచ్చింది. ఆలోచన చక్కనిది. పెద్దాసుపత్రిలో కిక్కిరిసిన కేసుల మధ్య చేతికి రానిది చిన్న ఆసుపత్రిలో వస్తుంది. అయితే మన రెండు రాష్ట్రాల్లో జిల్లా ఆసుపత్రులు ఒక్కొక్కటిగా కాలేజీ ఆసుపత్రులైపోతున్నాయి. మిగిలినవి ఏరియా ఆసుపత్రులు. అక్కడ ఒక గైనకాలజిస్టు ఉంటే, పీజీ రాగానే ఆమెకు సెలవు దొరికినట్టే. నేర్చుకోవడానికి వెళ్లిన పిల్ల ఖాళీ పోస్టులో సర్దుబాటు అవుతుంది.

పై మెట్టు ఫెలోషిప్‌ల గురించి ఒక్క మాట. గర్భస్థ శిశు వైద్యం, సంతాన సాఫల్యం, స్త్రీల కేన్సర్ శస్త్రచికిత్సల్లో జాతీయ వైద్య పరీక్షల బోర్డు నడిపే కోర్సుల్లో సీట్లు కొద్దే. ఆ వెలితిని వారాంతపు లాపరోస్కోపీ కోర్సులు నింపుతున్నాయి. రెండు రోజులు తెర మీద చూసి, గోడకు ఒక సర్టిఫికెట్. ఆ గోడ ముందు కూర్చునే రోగికి ఈ తేడా ఎలా తెలుస్తుంది?

ఇదంతా సరిదిద్దడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. డ్యూటీ చార్టులో లేబర్ రూమ్‌కు ప్రతి రాత్రీ ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ పేరు, మర్నాడు ఆమెకు సెలవు. పక్కన నిలబడి చూసినవారే అదే రోజు ఫోన్‌లో లాగ్‌బుక్ నమోదు చేసే ఏర్పాటు, మర్నాడు రాస్తే ఎరుపు రంగులో కనబడేలా. అయిదారు కీలక ప్రొసీజర్లలో వేర్వేరు పరిశీలకులు ఒప్పుకుంటేనే పరీక్షకు అనుమతి. ఫోర్సెప్స్ వేసే నేర్పున్న, రిటైరైన మేడంలను వారానికి రెండు రాత్రులు గౌరవ వేతనంతో పిలవడం. పేట్లబుర్జు, సుల్తాన్‌బజార్ ప్రసూతి ఆసుపత్రులలో, గుంటూరు, తిరుపతి, విశాఖ దవాఖానాలలో అలా చేతులరిగిన తరం ఇంకా మన మధ్యే ఉంది. పదేళ్లాగితే ఉండదు.

పీజీ కౌన్సెలింగ్ వచ్చిందంటే ఏ కాలేజీలో ఎన్ని సీట్లు, ఏ కోటాలో ఎన్ని, ఫీజు ఎంత, స్టైపెండ్ ఎంత అన్నీ పిల్లలు వేళ్ల మీద చెబుతారు. ఆ పట్టికలో ఇంకొక గడి చేర్చమని వైద్య కమిషన్‌ను అడగాలి: గత ఏడాది ఈ విభాగం లేబర్ రూమ్‌లో సీనియర్ అధ్యాపకులు హాజరైన రాత్రులు ఎన్ని?