టిక్కు ముందు, ఎంపిక తర్వాత

బి.ఫార్మసీ ఎనిమిదో సెమిస్టర్ విద్యార్థులు 'ఎంచుకున్న' ఐచ్ఛిక పేపర్లు, అంటే ఎలక్టివ్‌లు ఇవీ అంటూ ఒక కళాశాల నోటీసు బోర్డు మీద కాగితం అంటించింది. రెండు పేపర్ల పేర్లు, కింద ప్రిన్సిపాల్ సంతకం. మర్నాడు క్లాసులో ఎంపిక పత్రాలు పంచారు. ఆ రెండు పేపర్ల ఎదురుగా టిక్కు మార్కు అచ్చయ్యే వచ్చింది. విద్యార్థి చేయాల్సిందల్లా హాల్‌టికెట్ నంబరు వేసి సంతకం గీకడమే. తేదీ మాత్రం నోటీసు కంటే వారం ముందుది వేయమన్నారు. అరవై మంది వేశారు. ఒక్కరూ ఎందుకని అడగలేదు. ఆ కాగితం చూశాక మమ్మల్ని కలవరపెట్టింది ప్రిన్సిపాల్ తెగువ కన్నా ఆ పిల్లల మౌనమే.

ఆ కళాశాల పేరు ఇక్కడ అనవసరం. ఫార్మసీ చదివినవాళ్లలో ఇది చదివి 'మా కాలేజీ సంగతే' అనుకునేవాళ్లు తక్కువేమీ ఉండరు.

నేపథ్యం తెలిసిందే. ఫార్మసీ చదువును నియంత్రించే ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2014 నిబంధనల ప్రకారం చివరి సెమిస్టర్లో విద్యార్థి రెండు ఎలక్టివ్‌లు తీసుకోవాలి. ఒక్కోదానికి 4 క్రెడిట్లు, వారానికి మూడు గంటల పాఠం, ఒక గంట ట్యుటోరియల్. జాబితా పొడుగ్గానే ఉంది. ఫార్మకోవిజిలెన్స్, రెగ్యులేటరీ సైన్స్, కంప్యూటర్ సాయంతో ఔషధ రూపకల్పన, మూలికా ఔషధాల నాణ్యత నియంత్రణ, కాస్మెటిక్ సైన్స్, ఫార్మా మార్కెటింగ్, అధునాతన పరికరాల విశ్లేషణ, ఆహార సప్లిమెంట్లు... ఏడు సెమిస్టర్ల పాటు అందరూ ఒకే మూసలో చదివాక, నీ దారి ఏదో నువ్వు చూసుకో అని చదువు మొదటిసారి విద్యార్థినే అడిగే చోటు ఇది. పరిశ్రమకు వెళ్తావా, ఆస్పత్రికా, ఔషధ నియంత్రణ వైపా, లేక మందుల దుకాణం కౌంటర్ వెనక్కా? ఆ ప్రశ్నకు జవాబు కళాశాల ముందే రాసిపెట్టేసింది.

యాజమాన్యాలు చెప్పే మాటా ఉంది. ముగ్గురు కోరారని ఒక పేపర్‌కు అధ్యాపకుణ్ని పెట్టలేం, ఉన్న సిబ్బందితోనే నెట్టుకురావాలి, పైగా పిల్లలే తేలిక పేపర్లు అడుగుతారు అంటారు. అందులో కొంత నిజమూ ఉంది. అలాంటప్పుడు చేయాల్సింది ఒక్కటే: మా దగ్గర ఈ రెండే చెప్పగలం అని అడ్మిషన్ రోజునే రాసి చేతికివ్వడం. రెండే ఉంటే ఉన్నాయని చెప్పండి, తప్పులేదు. రెండే పెట్టి, పది చూపించి, పదింటిలోంచి ఈ రెండూ నేనే కోరుకున్నానని కుర్రాడి చేత రాయించుకోవడమే తప్పు. నేతి బీరకాయలో నెయ్యి లేదని గొడవ పెట్టేవాళ్లుండరు. ఉందని వాంగ్మూలం రాయించుకుంటే మాత్రం పెడతారు.

మా బెంగ ఆ వాంగ్మూలం గురించే. ఎలక్టివ్ ఏదైనా కానీయండి. జరగని దాన్ని జరిగినట్టు కాగితం మీద సంతకం పెట్టడం ఫార్మసీ విద్యార్థికి మనం నేర్పుతున్న చివరి పాఠం కాకూడదు. ఎందుకంటే ఈ వృత్తిని రేపు కుంగదీసేది కూడా సరిగ్గా అలాంటి సంతకమే. డాక్టర్ చీటీ మీద మందు ఇచ్చే అధికారం రిజిస్టర్డ్ ఫార్మసిస్టుదేనని 1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. అయినా సర్టిఫికెట్ గోడమీద వేలాడుతూ, మనిషి మాత్రం ఎక్కడో ఉండే దుకాణాల సంగతి ఎవరికి తెలియదు? 'సర్టిఫికెట్ అద్దెకిచ్చాను' అని మామూలుగా చెప్పుకునే స్థాయికి వచ్చాం. ఆ అద్దె బేరం పట్టా చేతికొచ్చాక మొదలవుతుందని అనుకుంటాం. కాదు. చివరి సెమిస్టర్లో వెనకటి తేదీ వేసిన రోజునే మొదలవుతుంది.

ఇంకా ముందే మొదలైందని అనేవాళ్లూ ఉన్నారు, వాళ్లతో వాదించలేం. ఆరో సెమిస్టర్ తర్వాత పరిశ్రమలోనో ఆస్పత్రిలోనో నాలుగు వారాల మీద 150 గంటల శిక్షణ ఉండాలి. ఏడో సెమిస్టర్లో ప్రాక్టీస్ స్కూల్ పేరుతో మరో 150 గంటలు. వీటిని నిజాయతీగా నడిపే కళాశాలలు లేవని కాదు, వాటికి దండం. కానీ లెటర్‌హెడ్ మీద 'సంతృప్తికరంగా పూర్తి చేశాడు' అన్న ఒక్క వాక్యంతో 150 గంటలు గడిచిపోయే చోట్లూ ఉన్నాయి. ఇలా ఒక్కో మెట్టూ మమ అనిపించుకుంటూ ఎక్కిన కుర్రాడికి, ఎలక్టివ్ ఫారం మీద ముందే పడిన టిక్కు చూసి వింత ఎందుకు పుడుతుంది?

ఇక ఆ పేపర్లను చెప్పే తీరు. ఫార్మకోవిజిలెన్స్‌నే తీసుకోండి. మందు వాడినవారికి జరిగే హానిని కనిపెట్టి, నమోదు చేసి, పైకి చేరవేసే శాస్త్రం అది. దేశంలో దీనికోసం 2010లో ప్రత్యేక కార్యక్రమం మొదలైంది. మరుసటి ఏడాది నుంచి గాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని సమన్వయం చేస్తోంది. దుష్ప్రభావాన్ని నమోదు చేసే ఫారం ఉచితం, ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. రోగి పేరులోని పొడి అక్షరాలు, వయసు, ఏ మందు, ఏ కంపెనీ, బ్యాచ్ నంబరు, ఎప్పుడు మొదలుపెట్టారు, దద్దుర్లు ఏ రోజు వచ్చాయి, మందు ఆపాక తగ్గాయా, మళ్లీ ఇస్తే తిరిగొచ్చాయా... ఈ గళ్లు నింపడం నలుగురైదుగురు రోగులతో మాట్లాడి చూస్తేనే వస్తుంది. దద్దుర్లు మందు వల్లా, జ్వరం వల్లా అని తేల్చడానికి నారంజో స్కేల్ ఉంది. మొత్తం పది ప్రశ్నలు. ఒక మధ్యాహ్నం కూర్చుంటే ఒక కేసు మీద చేసి చూడొచ్చు.

మన దగ్గర జరిగేదేమిటి? ఆల్ ఇన్ వన్ తెరిచి 'ఫార్మకోవిజిలెన్స్ అనగానేమి? లక్ష్యాలు వివరింపుము' అన్నదానికి రెండు పేజీలు బట్టీ. గర్భిణులు వాడితే పిల్లలు అవయవ లోపాలతో పుట్టిన థాలిడమైడ్ మందు మీద ఒక పేరా. 75 మార్కుల పరీక్ష, 25 ఇంటర్నల్స్, అయిపోయింది. ఫారం ఎలా ఉంటుందో చూడకుండానే ఆ పేపర్లో ఎనభైలు తెచ్చుకోవచ్చు. మార్కుల జాబితా మీద అది 'అధునాతన' ఎలక్టివ్. ఇదీ ఒక అబద్ధపు సంతకమే, ఈసారి పెట్టింది విశ్వవిద్యాలయం.

పరికరాల విశ్లేషణ పేపరూ అంతే. దగ్గు మందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషద్రావకం కలిసి పిల్లల ప్రాణాలు పోవడం కొత్త కథ కాదు. 1937లో అమెరికాలో సల్ఫనిలమైడ్ ఎలిక్సిర్ వందమందికి పైగా పొట్టన పెట్టుకున్నప్పటి నుంచీ ప్రపంచానికి తెలుసు. గాంబియా పిల్లల మరణాలపై 2022 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించినప్పుడు వేలు చూపించింది భారత్‌లో తయారైన సిరప్‌ల వైపే. ఆ విషాన్ని పట్టిచ్చేది గ్యాస్ క్రొమటోగ్రఫీ, మందులో కలిసిన పదార్థాలను విడదీసి చూపే పద్ధతి. ఆ పరికరం బొమ్మ గీసి భాగాలు గుర్తించగల పట్టభద్రులు మనకు కొల్లలు. ఒక్క నమూనా తన చేత్తో ఎక్కించి, వచ్చిన గ్రాఫులో ఏ శిఖరం దేనిదో చెప్పగలిగినవారు ఎందరు? నిబంధనల్లోనే ఈ ఎలక్టివ్‌లకు ప్రయోగశాల గంటలు లేవు, అంతా పాఠమే. అంటే లోపం కళాశాల గడప దగ్గర ఆగలేదు, కౌన్సిల్ బల్ల మీద కూడా ఉంది. చిత్రమేమిటంటే ఫార్మసీ డిప్లొమా వాళ్ల చదువు మీద నమ్మకం చాలక, వాళ్లకు కోర్సు ముగిశాక రాసే ఎగ్జిట్ పరీక్ష పెడుతూ 2022లో నిబంధనలు తెచ్చింది ఇదే కౌన్సిల్. డిగ్రీ కాగితాన్ని మాత్రం కళ్లు మూసుకుని నమ్ముతోంది.

కాగితాన్ని నమ్మడమే అసలు జబ్బు. తనిఖీకి వచ్చిన బృందం ఎంపిక పత్రాల కట్ట చూస్తుంది, అరవై సంతకాలు లెక్కపెడుతుంది, సంతృప్తి పడుతుంది. ఆ అరవైలో ఒకణ్ని పక్కకు పిలిచి 'ఇదెందుకు తీసుకున్నావు బాబూ?' అని అడిగితే బండారం నిమిషంలో బయటపడుతుంది. ఆ ఒక్క ప్రశ్నకు ఖర్చు లేదు, ఫారం అక్కర్లేదు. అడగరు. అడిగితే రాయాల్సి వస్తుంది, రాస్తే చర్య తీసుకోవాల్సి వస్తుంది. రేపు ఔషధ తనిఖీ అధికారి దుకాణానికి వెళ్లి, ఫార్మసిస్టు ఎక్కడని అడక్కుండా గోడమీది సర్టిఫికెట్ చూసి వెనుదిరిగితే మనం ఏ మొహంతో ప్రశ్నిస్తాం? ఆయనా ఈ వరసలో నేర్చుకున్నవాడే కావచ్చు.

చేయగలిగినవి పెద్ద పనులేం కావు. ఒకే ఊళ్లో నాలుగు కళాశాలలుంటే నాలుగూ కలిసి ఎనిమిది ఎలక్టివ్‌లు చెప్పొచ్చు, పిల్లలు అటూ ఇటూ తిరుగుతారు. ఎలక్టివ్‌కున్న 45 గంటల్లో మూడో వంతైనా ఆస్పత్రి వార్డులోనో పరిశ్రమ నాణ్యతా విభాగంలోనో గడపాలని విశ్వవిద్యాలయం ఒక్క సర్క్యులర్ ఇస్తే చాలు. కౌన్సిల్ తన జాబితాను కళాశాల వారీగా ప్రకటిస్తే, ఎక్కడ ఏది నిజంగా చెబుతున్నారో చేరకముందే తెలుస్తుంది. వీటిలో ఏదీ చేయకపోయినా సరే, అబద్ధం రాయించుకోవడం ఆపడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఈ ఏడాది పత్రాలు ఇంకా పంచని ప్రిన్సిపాళ్లు ఉంటారు. అయ్యా, అమ్మా, టిక్కు ముద్రించే ముందు ఒక్కసారి తరగతిలోకి వెళ్లి అడగండి. అడగడం కుదరదనుకుంటే ఆ కాగితం మీద పిల్లల సంతకం తీసుకోకండి. ఎంచుకున్నది మీరు కాబట్టి సంతకం మీరే పెట్టండి, ఆ రోజు తేదీతో.