ప్రొఫెసర్ కొలువుకు నమ్మకం రాసివ్వాలా?

అమెరికాలో ప్రొఫెసర్ ఉద్యోగాలకు అప్లై చేసే మన పిల్లలకు రీసెర్చ్ గురించి రాయడం కష్టం కాదు. డైవర్సిటీ స్టేట్‌మెంట్ దగ్గరే చెయ్యి ఆగిపోతుంది. రకరకాల నేపథ్యాల నుంచి వచ్చే విద్యార్థుల కోసం ఏం చేశామో, ఏం చేస్తామో రాసిచ్చే కాగితం అది. ఏం రాస్తే కమిటీకి నచ్చుతుందోనని టెన్షన్.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 2018-19లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ జీవశాస్త్రాల పోస్టులకు అర్హులైన 893 దరఖాస్తుల్లో 679 ఈ ఒక్క కాగితం చూసే పక్కన పెట్టింది. వాళ్ల పరిశోధన దాకా వెళ్లనే లేదు. అక్కడి మార్కుల పట్టిక ప్రకారం, 'నేపథ్యం ఏదైనా విద్యార్థులందరినీ ఒకేలా చూస్తాను' అని రాస్తే తక్కువ మార్కులు. వెనకబడిన పిల్లలకు కాస్త ఎక్కువ సాయం అందాలన్నది వాళ్ల ఉద్దేశం, అందులో న్యాయముంది. కానీ ఆ మాట రాసిన మనిషే సాయంత్రం ల్యాబ్‌లో ఒక పిల్లాణ్ని పక్కన కూచోబెట్టుకుని అర్థమయ్యేదాకా చెప్పే టీచరేమో! ఆ సంగతి మార్కుల్లో ఎక్కడ తెలుస్తుంది?

కాలిఫోర్నియా యూనివర్సిటీకే చెందిన డేవిస్ క్యాంపస్‌లో గణిత విభాగాధిపతిగా ఉన్న అబిగైల్ థాంప్సన్ 2019లో దీన్ని పాత విధేయతా ప్రమాణంతో పోల్చారు. కమ్యూనిస్టును కానని సంతకం పెట్టలేదని 1950లో ఇదే యూనివర్సిటీ 31 మంది అధ్యాపకులను తీసేసింది. 1952లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ ప్రమాణం చెల్లదంది.

మత కాలేజీల సంగతి వేరు. ఇల్లినాయ్‌లోని వీటన్ అనే క్రైస్తవ కాలేజీలో అధ్యాపకులు ఏటా విశ్వాస ప్రకటన మీద, అంటే కాలేజీ మత నమ్మకాలను ఒప్పుకుంటున్నామనే కాగితం మీద, సంతకం చేయాలి. మత సంస్థలు తమ మతం వాళ్లనే తీసుకోవడానికి 1964 పౌర హక్కుల చట్టం వీలిచ్చింది. షరతు ముందే తెలుసు కాబట్టి ఇష్టం లేనివాళ్లు వెళ్లరు. ప్రభుత్వ సొమ్ముతో నడిచే యూనివర్సిటీకి ఆ హక్కు లేదని నా గట్టి అభిప్రాయం.

అయితే ముందే చెప్పినంత మాత్రాన చిక్కు తీరదు. వీటన్‌లో శాశ్వత హోదా పొందిన తొలి నల్లజాతి మహిళ లారీసియా హాకిన్స్. 2015 డిసెంబరులో ఆమె ముస్లింలకు తోడుగా హిజాబ్ వేసుకుని, క్రైస్తవులు, ముస్లింలు కొలిచేది ఒకే దేవుణ్ని అని ఫేస్‌బుక్‌లో రాశారు. కాలేజీ ఆమెను సెలవు మీద పంపింది. తన మాట ఆ ప్రకటనకు లోబడే ఉందని ఆమె వాదించారు. 2016 ఫిబ్రవరికల్లా కాలేజీ విడిచిపెట్టారు. కాగితం మీద ఏముందన్నది కాదు, దానికి అర్థం చెప్పే అధికారం ఎవరి చేతిలో ఉందన్నదే అసలు విషయం. బర్క్‌లీలోనూ జరిగింది అదే.

2024లో ఎంఐటీ, 2025 మార్చిలో కాలిఫోర్నియా యూనివర్సిటీ ఈ స్టేట్‌మెంట్లు అడగడం మానేశాయి. నమ్మకాన్ని తూచడం ఆగినందుకు నాకు సంతోషమే. కానీ చేసిన పని గురించి అడగడం కూడా ఆగిపోతే, ఆ సాయంత్రాలు ల్యాబ్‌లో గడిపిన టీచర్ వాటి గురించి దరఖాస్తులో ఎక్కడ రాసుకోవాలి?