ఇలాంటి పాఠకుడు ఎందరికి దొరుకుతాడు?

రాసింది చదివే నాథుడే లేడని నిట్టూర్చే రచయితలందరూ ఒక్కసారి ఇథియోపియా వైపు చూడాలని నా మనవి. బెఫెకాదు హైలు అనే వ్యాసకర్తకూ ఆయన మిత్రులకూ దొరికినంత శ్రద్ధాళువైన పాఠకుడు మరెక్కడా దొరకడు. ఒక్క వాక్యం వదలకుండా చదివిన ఆ మహానుభావుడు మరెవరో కాదు, సాక్షాత్తు వారి ప్రభుత్వమే.

ఈ మిత్రులు 2012లో ఒక బ్లాగు మొదలుపెట్టి దానికి జోన్ 9 అని పేరు పెట్టారు. అడిస్ అబాబాలోని కాలిటి జైలులో ఎనిమిది జోన్లుండేవి. అక్కడ ఖైదులో ఉన్న పాత్రికేయురాలు రీయోట్ అలెమును చూడబోయినప్పుడు, గోడకు ఇవతల ఉన్న దేశమంతా తొమ్మిదో జోనేనన్న ఛలోక్తి వారి చెవిన పడింది. ఎనిమిది జోన్ల కట్టడాన్ని పైసా ఖర్చు లేకుండా దేశ సరిహద్దుల దాకా విస్తరించి చూపినవారికి ఏ ప్రభుత్వమైనా శాలువా కప్పాలి.

అయితే వారు చేసిన ఘోరం తక్కువదేమీ కాదు. రాజ్యాంగాన్ని గౌరవించండంటూ ప్రచారం నడిపారు. 1995 నాటి ఆ రాజ్యాంగంలోని 29వ అధికరణం భావప్రకటన స్వేచ్ఛకు హామీ ఇస్తోంది. లేనిదాన్ని అడిగితే లేదని చెప్పి పంపేయవచ్చు. ఉన్నదాన్ని అడిగేవాడికి పాపం ఏ సర్కారు మాత్రం ఏం జవాబు చెబుతుంది?

కొన్ని నెలల పాటు మౌనంగా ఉన్న ఈ బృందం మళ్లీ రాయబోతున్నామని 2014 ఏప్రిల్‌లో ప్రకటించింది. మన పాఠకుడైతే మహా అంటే ఒక లైకు కొట్టి ఊరుకునేవాడు. ఆ పాఠకుడు మాత్రం ఆత్రం ఆపుకోలేక రోజుల వ్యవధిలోనే ఇళ్లకు వచ్చి, ఆరుగురు బ్లాగర్లనూ ముగ్గురు పాత్రికేయులనూ వెంటబెట్టుకుని వెళ్లాడు. అభియోగాలు నమోదు కావడానికి దాదాపు మూడు నెలలు పట్టింది. లోతుగా చదవాలంటే ఆ మాత్రం వ్యవధి ఉండాలి కదా!

2009 నాటి ఉగ్రవాద నిరోధక చట్టం కింద మోపిన అభియోగాల్లో, సమాచారాన్ని ఇతరుల కంట పడకుండా సంకేతలిపిలో దాచుకోవడం నేర్చుకున్నారన్నది ఒకటి. తలుపుకు గడియ పెట్టుకోవడం వచ్చినవాడు దొంగ కాక మరేమవుతాడు? దబాయించి సంతకాలు పెట్టించుకున్నారని నిందితులు కోర్టుకు మొరపెట్టుకున్నారు గానీ, తన ప్రతి మీద రచయిత సంతకం ఉండాలని ముచ్చటపడటం పాఠకుడి తప్పెలా అవుతుంది?

ఆపైన వాయిదాల మీద వాయిదాలు నడిచాయి. ఈలోగా 2015 మే నెలలో ఎన్నికలు జరిగి, పార్లమెంటులోని 547 స్థానాలనూ పాలక కూటమి, దాని మిత్రపక్షాలు ఒక్కటీ మిగల్చకుండా గెలుచుకున్నాయి. నూటికి నూరు మార్కులు వచ్చిన జవాబు పత్రాన్ని మళ్లీ దిద్దుతామనే అల్లరి పిల్లలు అప్పటికి లోపలే ఉన్నారు. జూలైలో ఒబామా వస్తున్నాడనగానే, చుట్టాలొచ్చే ముందు ఇల్లు అలికి ముగ్గేసినట్టు, ఐదుగురిని విడిచిపెట్టారు. వచ్చిన అతిథి కూడా మర్యాద తెలిసినవాడు కావడంతో ఆ ప్రభుత్వం ప్రజాస్వామ్యబద్ధంగా ఎన్నికైనదని సెలవిచ్చాడు.

మిగిలినవారు ఉగ్రవాదులు కారని అక్టోబరులో కోర్టు తేల్చింది. బెఫెకాదు మీద మాత్రం జనాన్ని రెచ్చగొట్టాడన్న అభియోగం మిగిలిపోయింది. పద్దెనిమిది నెలల పారాయణం తర్వాత సమీక్షకుడు తన అభిప్రాయాన్ని ఉగ్రవాదం నుంచి రెచ్చగొట్టడం దాకా సవరించుకున్నాడంటే, ఆ విశాల హృదయాన్ని మెచ్చుకోకుండా ఉండలేం.

2016 నవంబరులో, అత్యవసర పరిస్థితి అమలులో ఉండగా, బెఫెకాదును మళ్లీ తీసుకెళ్లారు. ఈసారి కారణం రాత కాదు, రేడియోలో ఆ అత్యవసర పరిస్థితిని విమర్శిస్తూ మాట్లాడిన మాటలని వార్తలొచ్చాయి. పాఠకుడు అప్పటికి శ్రోత కూడా అయ్యాడన్నమాట.