గోదాము కప్పు మీద పడే వాన ఎవరిది?

షాద్‌నగర్ దాటి బాలానగర్, జడ్చర్ల దిక్కు పోతుంటే రోడ్డుకు రెండు పక్కలా జొన్న, కంది, ఆముదం చెలకలు కనిపించేవి. ఇప్పుడు వాటి నడుమ ఎకరాలకు ఎకరాలు పరుచుకున్న రేకుల గోదాములు లేస్తున్నాయి. 2017లో జీఎస్టీ వచ్చాక రాష్ట్రానికో చిన్న గోదాము పెట్టుకునే అవసరం తగ్గి, కంపెనీలు పెద్ద గోదాములకు మళ్లాయి. ఇటు 44వ నంబరు జాతీయ రహదారి, అటు చౌటుప్పల్, చిట్యాల మీదుగా పోయే 65వ నంబరు రహదారి వాటికి కలిసొచ్చాయి.

పర్యావరణం మాటెత్తితే ఈ కంపెనీలు చూపించేవి గేటు దగ్గరి మొక్కలు, ఎల్‌ఈడీ దీపాలు, బ్యాటరీ ఫోర్క్‌లిఫ్టులు. అవీ కావాలి. గేటు బయట ఇంజిన్ ఆపకుండా వరుసలో నిలబడే లారీలకు ముందే టైము ఇచ్చి పిలిస్తే డీజిల్ మిగులుతుంది, డ్రైవరుకు నిద్రా మిగులుతుంది. లీటరు డీజిల్ మండితే రెండున్నర కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది మరి. కప్పుకు తెల్ల పూత వేస్తే లోపల మూటలు మోసే హమాలీకి ఊపిరాడుతుంది. చల్లని కప్పుల కోసం రాష్ట్రం 2023లోనే ఒక విధానం తెచ్చింది. కానీ నా దృష్టిలో అసలు సంగతి ఆ కప్పు మీద పడే వాన.

లెక్క వేద్దాం. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. ఏడాదికి 600 మిల్లీమీటర్లే కురిసిందనుకున్నా, ఐదెకరాల కప్పు మీద కోటీ 20 లక్షల లీటర్లు పడతాయి. ఐదో వంతు ఆవిరికీ కారుడుకీ పోయినా, పది వేల లీటర్ల ట్యాంకర్లు 960కి పైగా నిండుతాయి. ఒక్క గోదాముకు! చెలకగా ఉన్నప్పుడు ఆ నేల వానలో కొంత తాగేది. ఇప్పుడు ఆ నీళ్లు లారీల యార్డులోని ఆయిల్‌ను కడుక్కుంటూ రోడ్డు పక్క కాలువలో పడుతున్నాయి. కప్పు నీళ్లకు వేరే కాలువ, యార్డు నీళ్లకు వేరే కాలువ, రెండో దానికి ఆయిల్ వడగట్టే తొట్టి. ఇది పెద్ద ఇంజినీరింగ్ ఏమీ కాదు.

నల్లగొండ వాళ్లకు ఇది ఇంకా దగ్గరి బాధ. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన మనుషులను చూస్తూ పెరిగిన జిల్లా ఇది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి దేశమంతా ఈ జిల్లా పేరే పెట్టుకుంది. రాతి పొరల్లో ఎక్కువ కాలం నిలిచిన నీళ్లలోకి ఆ రాతిలోని ఫ్లోరైడ్ దిగుతుంది. పై నుంచి వాన నీరు ఇంకితే పలచబడుతుంది. అలాంటి నేలను కాంక్రీటుతో మూసి, పక్కనే బోరు వేసి తోడుకోవడం ఊరికి చేసే అన్యాయం.

గోదాము మాది కాదు, అద్దెకు తీసుకున్నాం, కాలువలు తవ్వించే ఖర్చు మేమెందుకు పెట్టాలి అంటాయి కంపెనీలు. అందులో నిజం ఉంది. కట్టినవాడికి కరెంటు, నీళ్ల బిల్లు పట్టదు, వాడుకునేవాడికి గోడ మీద హక్కు ఉండదు. కానీ రేకు మందం, నేల బలం, షట్టర్ల లెక్క ఒప్పందంలో రాయించుకునే కంపెనీకి ఇంకుడు గుంత రాయించుకోవడం చేతకాదా?

మనకు చట్టం కొత్తగా అక్కర్లేదు. నీటిని, నేలను, చెట్లను కాపాడేందుకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ఉంది. గొలుసుకట్టు చెరువులతో బతికిన నేల మనది. ఒక కుంట మత్తడి దూకితే కింది చెరువు నిండేది. ఆ దారికి అడ్డంగా షెడ్డు లేచినప్పుడు అనుమతిచ్చే అధికారి అడగాల్సింది ఒక్క మ్యాపు. ఈ కప్పు నీళ్లు ఏ కుంటలోకి పోతాయో అందులో గీసి ఉండాలి. గీత రోడ్డు కాలువ దగ్గర ఆగిపోతే ఫైలు వెనక్కి పోవాలి, మ్యాపు నకలు గ్రామ పంచాయతీ గోడకు ఎక్కాలి.