బ్యాటు ఎవరి చేతిలో ఉందన్నది కాదు

‘పిల్లలు ఆడుకునేది బొమ్మ, పెద్దలు ఆడేది క్రీడా సామగ్రి’ అని ఆట వస్తువుల గురించిన ఒక వ్యాసంలో ఒక్క వాక్యంతో తేల్చేశారు. అనంతపురంలో ఆట వస్తువుల కొట్టు నడుపుకునేవాణ్ని, ఆ మాట ఒప్పుకోలేను. కస్టమ్స్ టారిఫ్‌లో, అంటే దిగుమతి సుంకాల పట్టికలో, రెండూ 95వ అధ్యాయంలోనే ఉన్నాయి: బొమ్మలు 9503 అనే పద్దు కింద, క్రీడా సామగ్రి 9506 కింద. వాటి మధ్య గీత గీసేది వయసు ఒక్కటే కాదు. పదేళ్ల కుర్రవాడు తోలు బంతిని ఎదుర్కొనే చిన్న సైజు బ్యాటు క్రీడా సామగ్రే. అంతే పొడవున్న బోలు ప్లాస్టిక్ బ్యాటు బొమ్మ. నిజమైన ఆటకు తట్టుకుంటుందా లేదా అన్నది చూడాలి.

చక్రాల సంగతి ఇంకా వింత. కాలితో నెట్టే పిల్లల స్కూటరు, మూడు చక్రాల సైకిలు 9503లో ఉన్నాయి. రోలర్ స్కేట్లు 9506లో. పిల్లలదే అయినా రెండు చక్రాల సైకిలు ఏకంగా వాహనాలుండే 87వ అధ్యాయానికి పోతుంది! మోకాళ్లు మాత్రం అన్నిటితోనూ చీరుకుపోతాయి.

ఈ తేడా ఖరీదైనది. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. 2021 జనవరి నుంచి బొమ్మలకు ఐఎస్ఐ నాణ్యతా ముద్ర కూడా తప్పనిసరి. అందుకే కొందరు పెట్టె మీద ‘స్పోర్ట్స్’ అని అచ్చేస్తారు. నిరుడు ఒక టోకు వ్యాపారి నాకు అలాంటి ప్లాస్టిక్ వికెట్ల సెట్టు పంపాడు, ముద్ర లేదు. వెనక్కి పంపేశాను. రవాణా ఖర్చు నా నెత్తినే పడింది.