మారాలో జీపుల జాతరను ఆపేది టికెట్ ధర కాదు

కెన్యాలోని మసాయి మారాలో ఉదయం 6 గంటలకు గేటు తెరవగానే సఫారీ వాహనాలు మైదానంలోకి బారులు తీరతాయి. పగటిపూట వేటాడే చీతా ఎండ ముదరకముందే చెదపుట్ట ఎక్కి జింకల జాడ వెతుక్కుంటుంది. ఆ వేళకే ఒక డ్రైవరు రేడియోలో కబురందిస్తే చాలు, నిమిషాల్లో జీపులు దాని చుట్టూ మూగుతాయి. 2018లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, పర్యాటకుల తాకిడి ఎక్కువున్న చోట చీతా కాన్పుకు సగటున 0.2 కూనలే పెరిగి పెద్దవయ్యాయి. తాకిడి తక్కువున్న చోట ఆ సంఖ్య 2.3.

దీనికి మందు టికెట్ ధర పెంచడమేనని కొందరి నమ్మకం. 2024 నుంచి జూలై-డిసెంబరు నెలల్లో విదేశీయుల రోజు రుసుము 200 డాలర్లు. అంత సొమ్ము కట్టినవాడు దూరం నుంచి చూసి తృప్తిపడతాడా? ఇంకా దగ్గరికి పోనిమ్మంటాడు; టిప్పు మీద ఆశపడే డ్రైవరు కాదనలేడు.

అసలు తేడా ఆదాయం వచ్చే తీరులో ఉంది. మారా అభయారణ్యంలో గేటు దాటే ప్రతి మనిషీ నరోక్ కౌంటీకి, అంటే అక్కడి స్థానిక ప్రభుత్వానికి, అదనపు రాబడి. పక్కనే ఉన్న నబోయిషో, మారా నార్త్ వంటి కన్సర్వెన్సీలలో మాత్రం పశువుల పెంపకం మీద బతికే మసాయి తెగ కుటుంబాలు తమ సొంత భూమిని క్యాంపులకు కౌలుకిచ్చి, ఎకరాల లెక్కన అద్దె తీసుకుంటాయి. జీపులు పెరిగినంత మాత్రాన ఆ అద్దె పెరగదు. అందుకే అక్కడ గుడారాల సంఖ్యకూ, ఒక జంతువు దగ్గర ఆగే వాహనాలకూ పెట్టిన హద్దు కాగితం మీదే మిగిలిపోకుండా అమలవుతుంది.

పర్యాటకం లేకపోతే ఈ నేల గోధుమ పొలాలపాలవుతుందన్న వాదనను కొట్టిపారేయలేం. నరోక్‌లో అది కొంత జరిగింది కూడా. అయితే ఆ వాదన పర్యాటకం కావాలని చెబుతుందే గానీ, దాని పగ్గం ఎవరి చేతిలో ఉండాలో చెప్పదు.

ఆ పగ్గం స్థానికులకు దక్కనివ్వకపోవడం పాత అలవాటే. 1959లో పొరుగునున్న నేటి టాంజానియాలోని సెరెంగెటి నుంచి మసాయిలను ఖాళీ చేయించారు. 2022లో అదే దేశంలోని లోలియోండోలో 1,500 చదరపు కిలోమీటర్లకు హద్దురాళ్లు పాతుతూ వారి పశువులకు మేత లేకుండా చేశారు. మన నల్లమల తీరూ వేరు కాదు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఫరహాబాద్ సఫారీకి దారి తెరిచి ఉంచి, చెంచులకేమో పులి కోసం అడవి వదలమని నచ్చజెబుతున్నారు. ఆ సఫారీ జీపులు ఎన్ని తిరగాలో, ఎప్పుడు ఆగాలో తేల్చే అధికారాన్ని చెంచుల గ్రామసభలకు ఇచ్చాకే పునరావాసం గురించి మాట్లాడాలి.