త్రీ ఫిఫ్టీ సెవెన్ చాలు

గ్రీన్ కార్డు చేతికొచ్చాక మనవాళ్ళలో కొందరికి పుట్టే కోరికల్లో తుపాకీ ఒకటి. తప్పేం లేదు. ఒహాయోలో ఉంటూ, పక్కింటాయన చలికాలం రాగానే జింకల వేటకి సర్దుకోవడం ఏటా చూస్తుంటే ఎవరికైనా మనసు లాగుతుంది. ఈమధ్య ఆ మనసు ఎక్కువగా లివర్ యాక్షన్ రైఫిల్ మీదికి పోతోంది. చూడ్డానికి అందంగా ఉంటుంది. కింద లివర్ ఒకసారి తోసి లాగితే ఖాళీ షెల్ ఎగిరిపడి కొత్త తూటా ఎక్కుతుంది. సినిమాలు చూసి పెరిగినవాళ్ళం, ఆ చప్పుడంటే మనకి మోజు.

అక్కడిదాకా అందరిదీ ఒకే మాట. ఏ క్యాలిబర్, అంటే ఎంత లావు తూటా, అనేసరికి పేచీ మొదలవుతుంది. పార్టీల్లో వినపడే సలహా మాత్రం ఎప్పుడూ ఒకటే: "కొనేదేదో పెద్దదే కొనండి గురూ, ఫార్టీ ఫోర్ (.44) మ్యాగ్నమ్ తీసుకోండి." నాకు ఈ సలహా నచ్చదు. రివాల్వర్ తూటా కాల్చే లివర్ రైఫిల్‌ని మొదటిసారి కొనేవాళ్ళకి .357 మ్యాగ్నమ్ చాలు. నన్నడిగితే అదే మేలు కూడా.

షాపులో చెప్పే పాత కథ ఒకటుంది. 1873 వించెస్టర్ రైఫిల్ .44-40 తూటాతో వచ్చింది, కొన్నేళ్ళకి కోల్ట్ కంపెనీ అదే తూటాకి రివాల్వర్ చేసింది, ఇక నడుముకి ఒక్క బెల్టు కట్టుకుంటే రెండింటికీ సరిపోయేది అని. కథ నిజమే. కానీ అది గుర్రం మీద వారాల తరబడి తిరిగేవాడి అవసరం. మనం మినీవ్యాన్‌లో షూటింగ్ రేంజికెళ్ళి రెండు గంటల్లో ఇంటికొస్తాం, రెండు రకాల తూటా డబ్బాలు మోయడం మనకో కష్టం కాదు. ఆ రోజుల మీద ప్రేమతో .45 కోల్ట్ రైఫిల్ కొనేవాళ్ళనీ చూశాను. తమాషా ఏమిటంటే, ఆ రోజుల్లో వించెస్టర్ ఆ తూటాకి లివర్ రైఫిలే చేయలేదు. అప్పటి .45 షెల్ అంచు మరీ సన్నం, పట్టి బయటికి లాగడానికి ఆసరా దొరికేది కాదు. ఇప్పటి షెల్స్‌తో ఆ ఇబ్బంది లేదనుకోండి.

.357కి నా ఓటు పడటానికి అసలు కారణం, అందులో .38 స్పెషల్ అనే పాత రకం తూటా కూడా కాల్చుకోవచ్చు. 1935లో స్మిత్ అండ్ వెస్సన్ ఈ మ్యాగ్నమ్‌ని తెచ్చినప్పుడు పాత .38 స్పెషల్ షెల్‌నే ఎనిమిదో వంతు అంగుళం పైచిలుకు పొడిగించారు. బలమైన కొత్త తూటా, తట్టుకోలేని పాత రివాల్వర్‌లో పట్టకూడదని. పొట్టిది మాత్రం పొడుగుదాని చాంబర్‌లో (తూటా కూర్చుని పేలే అరలో) దర్జాగా కూర్చుంటుంది. ఏడు పౌండ్ల రైఫిల్‌లో .38 కాలిస్తే భుజానికి తగిలీ తగలనట్టు ఉంటుంది. ఇంట్లో కొత్తగా నేర్చుకునేవాళ్ళకి అంతకంటే ఏం కావాలి? మొదటి రోజే భుజం అదిరినవాళ్ళు రెండోసారి ట్రిగ్గర్ నొక్కేముందే కళ్ళు మూసేసుకుంటారు. ఆ అలవాటు ఓ పట్టాన వదలదు. ".44కి మాత్రం .44 స్పెషల్ లేదా?" అంటారు. ఉంది. ఎన్ని షాపుల్లో దొరుకుతుందో, డబ్బా ఎంతో ఓసారి కనుక్కుని రండి. .38తో చిన్న చిక్కులు రెండున్నాయి. కాల్చాక చాంబర్‌లో మసి వలయంలా పేరుకుంటుంది, అది బ్రష్‌తో తీయకపోతే తర్వాత .357 బిగుసుకుంటుంది. ముందు భాగం బల్లపరుపుగా ఉండే వాడ్‌కట్టర్ రకం చాలా లివర్ రైఫిళ్ళలో సరిగ్గా ఎక్కదు.

.357లో పస లేదనేవాళ్ళు రివాల్వర్ లెక్కలు చదివి మాట్లాడుతున్నారు. 158 గ్రెయిన్ల (పది గ్రాముల పైచిలుకు) గుండు నాలుగంగుళాల బ్యారెల్ నుంచి సెకనుకి సుమారు 1,250 అడుగుల వేగంతో పోతుంది. అదే తూటా పద్దెనిమిది అంగుళాల రైఫిల్ బ్యారెల్‌లో 1,800 దాకా అందుకుంటుంది. వేగం ఒకటిన్నర రెట్లు కాకపోయినా శక్తి రెట్టింపవుతుంది. వంద గజాల లోపు జింకకి, గుండు సరైనచోట తగిలితే, అది సరిపోతుంది. అంతకు మించితే గుండు గబగబా కిందికి దిగిపోతుంది, .44 కూడా అంతే. రెండు వందల గజాలు కొట్టాలనుకునేవాళ్ళకి అసలు ఈ జాతి రైఫిలే వద్దు. అలాస్కాలో ఎలుగుబంట్ల మధ్య చేపలు పట్టేవాళ్ళు .44 కొంటే నేను కాదనను. ఒహాయోలోని మన డబ్లిన్, పావెల్ వీధుల్లో ఎలుగుబంట్లు లేవు.

క్యాలిబర్ గురించి గంటలు గంటలు వాదించేవాళ్ళు తూటాలు బయటికి ఎలా తీయాలో మాత్రం అడగరు. నా లెక్కన అదే పెద్ద ప్రశ్న. మార్లిన్ 1894, బ్రెజిల్ నుంచి వచ్చే రోస్సీ 92 రైఫిళ్ళలో తూటాలు పక్కనున్న చిన్న తలుపులోంచి వేస్తాం. కాల్చనివి తీయాలంటే ఒక్కోదాన్నీ లివర్ ఆడించే బయటికి తేవాలి. ఆడించినప్పుడల్లా హ్యామర్ (తూటాని పేల్చే సుత్తి) వెనక్కి వెళ్ళి నిలబడుతుంది, అంటే నిండు తూటాలతో అన్నిసార్లూ రైఫిల్ పేలడానికి సిద్ధమవుతుంది. వేలు ట్రిగ్గర్ బయట ఉంటే ఏమీ కాదు, చేయి తిరిగినవాళ్ళు కళ్ళు మూసుకుని చేస్తారు. కొత్తవాళ్ళకి టెన్షన్. హెన్రీ కంపెనీ బిగ్ బాయ్ రైఫిల్‌లో బ్యారెల్ కింద గొట్టం లోపలి ఇత్తడి ట్యూబ్‌ని మెలితిప్పి లాగి, రైఫిల్ వంచితే తూటాలన్నీ అరచేతిలోకి జారతాయి. చాంబర్‌లో ఉన్న ఒక్కటే మిగులుతుంది. ఈ ట్యూబ్‌ని పాతకాపులు వెక్కిరిస్తారు. వెక్కిరించనీయండి, పిల్లలున్న ఇంటికి నేను దాన్నే సిఫారసు చేస్తాను. హెన్రీలోనే సైడ్ గేట్ మోడల్లో తలుపూ ట్యూబూ రెండూ ఉన్నాయి. బరువు మాత్రం చూసుకోండి. ఇరవై అంగుళాల బ్యారెల్ ఉన్న ఇత్తడి బిగ్ బాయ్ ఎనిమిదిన్నర పౌండ్లు దాటుతుంది, పొట్టి రోస్సీ దాదాపు ఐదే.

ఇక వేట మాట. ఒహాయోలో 2014 నుంచి స్ట్రెయిట్ వాల్ తూటా (షెల్ మూతి దగ్గర సన్నబడని రకం) రైఫిళ్ళతో జింకల్ని వేటాడనిస్తున్నారు, .357 నుంచి .50 క్యాలిబర్ దాకా. కానీ చాంబర్‌తో కలిపి మూడు తూటాలకి మించి ఉండకూడదు. పది పడతాయని మురిసి కొన్నవాళ్ళకి ఈ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. ఇల్లినాయ్‌లో 2023 నుంచి ఇలాంటి తూటాలకి అనుమతి వచ్చినా అది ఒకసారికి ఒక్క తూటానే పట్టే సింగిల్ షాట్ రైఫిళ్ళకే, లివర్ యాక్షన్‌కి కాదు.

అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది ఎవరి స్టేటస్ ఏమిటన్నది. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1, బి-2 వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండటం ఈ రూల్‌కి ఉన్న కొద్ది మినహాయింపుల్లో ఒకటి. ఆ మినహాయింపు లేనివాళ్ళు కొనడమే కాదు, రేంజిలో అద్దెకి తీసుకుని కాల్చినా నేరమే. కాబట్టి వేసవిలో మామగారు వచ్చారు కదా, రైఫిల్ చేతికిచ్చి ఓ ఫోటో తీద్దాం అనే సరదా మానుకోండి. ఆయన ఇంట్లో ఉన్న ఆర్నెల్లూ సేఫ్ కోడ్ ఆయనకి తెలియకుండా ఉండాలి, తూటాల డబ్బా కూడా ఆ సేఫ్‌లోనే ఉండాలి. కొనేటప్పుడు షాపులో నింపే 4473 ఫారంలో వీసా ప్రశ్న విడిగా ఉంటుంది, అక్కడ అబద్ధం రాస్తే అది ఇంకో నేరం. స్టేటస్ విషయంలో ఏ కాస్త అనుమానమున్నా షాపువాణ్ణి కాకుండా ఇమిగ్రేషన్ లాయర్ని అడగండి.